పెళ్ళి ఫొటోలు, పైథాన్ 2, మా బాబాయి

2019 ఆగస్టు చివర్లో ఒక రోజు పొద్దున్నే మెయిల్ తెరిస్తే నా ప్యాకేజీ మీద బగ్ (లోపం గురించిన ఫిర్యాదు) ఒకటి పడి ఉంది. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో నేను చూసుకునే చిన్న ప్రోగ్రామ్ (అక్కడ దాన్ని ప్యాకేజీ అంటారు) ఇంకా పైథాన్ అనే కంప్యూటర్ భాష పాత రూపమైన పైథాన్ 2 మీదే నడుస్తోందనీ, దాన్ని పైథాన్ 3కి మార్చాలనీ, కుదరకపోతే డెబియన్ నుంచి తీసేయమని అడగాలనీ అందులో సంగతి. నాకొక్కడికే వచ్చిన తాఖీదు కాదది. ఆ వారంలో పైథాన్ 2 వాడుతున్న ప్యాకేజీలన్నిటి మీదా ఇలాంటివి వేలల్లో పడ్డాయి. అందరికీ ఒకే కాగితం పంచినట్టుంది కదా అని కరెంటు బిల్లును చూసినట్టు చూసి పక్కన పెట్టేశాను.

ప్రోగ్రామ్ పేరు చెప్పను, చెప్పినా ఎక్కువమందికి తెలియదు. కెమెరా ప్రతి ఫొటోలోనూ తీసిన తేదీ, సమయం దాచిపెడుతుంది. ఈ ప్రోగ్రామ్ దాన్ని చదివి వందల ఫొటోలకి ఒకేసారి పేర్లు పెడుతుంది. రాసినాయన 2011 తర్వాత దాని జోలికి రాలేదు. డెబియన్‌లో చూసే దిక్కు లేని ప్యాకేజీని అనాథ అనే పిలుస్తారు. ఆ అనాథను 2016లో నేను తీసుకున్నాను. సేవాభావం ఏమీ లేదు, మా బాబాయి కోసం.

బాబాయికి తెనాలిలో ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళవాళ్ళు తెచ్చే పెన్‌డ్రైవ్‌ల పుణ్యాన ఆయన కంప్యూటర్‌కి వారానికో వైరస్ పట్టేది. విసిగిపోయి నేను డెబియన్ ఎక్కించాను. అప్పటికి నాకు డెబియన్‌తో ఉన్న పరిచయం తెలుగు ఫాంట్ల వరకే. పోతన, వేమన సరిగ్గా కనిపిస్తున్నాయా లేదా చూడటం, లేకపోతే బగ్ రాయడం. ఫొటోల ప్రోగ్రామ్ ఆయనకి తెగ నచ్చింది. ఫైళ్ళ పేర్లన్నీ శుభలేఖలో అచ్చేసినట్టు పూర్తి తెలుగులో పెట్టేవాడు. ఆ అలవాటే తర్వాత నా ప్రాణం తీసింది.

పైథాన్ 2 కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబర్‌లో. పాత కోడ్ దాని మీద ఉన్నదున్నట్టు నడవదు. అందుకని 2.7ని కూడా కొన్నాళ్ళు పోషిస్తామన్నారు. మొదట 2015 వరకు అన్నారు, జనం కదలకపోయేసరికి 2014లో ఆ గడువును 2020 జనవరి 1కి జరిపారు. గడువు జరిగే కొద్దీ నిద్ర కూడా జరుగుతుంది కదా. నేనూ నిద్రపోయినవాళ్ళలో ఒకణ్ణి. గడువు దాటితే భద్రతా సవరణలు రావు. రాబోయే విడుదలకి కొన్నేళ్ళపాటు పూచీ పడాల్సింది డెబియన్. సవరణలు రాని దాన్ని నెత్తిన పెట్టుకుని అన్నేళ్ళు మోయలేరు. అందుకే 2019 జులైలో డెబియన్ 10, అంటే బస్టర్, బయటికి వచ్చీ రాగానే ఏరివేత మొదలుపెట్టారు.

మా తాతగారి పెంకుటిల్లు విప్పినప్పుడు నేను చిన్నవాణ్ణి, అరుగు మీద కూర్చుని చూశాను. మేస్త్రి గోడ మీద గునపం వెయ్యలేదు. ముందు పెంకులు దింపించాడు. తర్వాత వాసాలు, ఆ తర్వాత దూలాలు, గోడలు చివరికి. పైది దిగనిదే కిందిది కదపకూడదు. డెబియన్‌లో జరిగింది అచ్చం అదే. పైథాన్ 2 గోడ. దాని మీద దూలాల్లా లైబ్రరీలు (ప్రోగ్రాములు అరువు తెచ్చుకునే కోడ్), వాటి మీద పెంకుల్లా మామూలు జనం వాడే ప్రోగ్రాములు. పెంకు ఉన్నంతకాలం దూలం తీయలేరు. నా ప్రోగ్రామ్ ఫొటోలోని తేదీని పైఎక్సివ్2 అనే లైబ్రరీతో చదివేది, తెర మీద కిటికీలు పైజీటీకేతో గీసేది. రెండూ పైథాన్ 2కి మాత్రమే. పైఎక్సివ్2 రాసినవాళ్ళే దాన్ని ఆపేసి జీఎక్సివ్2కి వెళ్ళిపొమ్మన్నారు. పైజీటీకే 2011లోనే ఆగిపోయింది.

ఈ లెక్క నాకు తలకెక్కింది డిసెంబర్‌లో. ఒకాయన చాలా మర్యాదగా రెండు లైన్లు రాశాడు. ఫలానా లైబ్రరీని తీసేద్దామనుకుంటున్నాం, దాన్ని ఇంకా పట్టుకున్న కొద్ది ప్యాకేజీల్లో మీదొకటి, ఏం చేద్దామనుకుంటున్నారు అని. అప్పుడు సిగ్గేసింది. నా ఒక్క పెంకు కోసం దూలం కింద ఎవరో భుజం పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ బగ్ తీవ్రత కూడా పెరిగింది. తీవ్రమైన బగ్ ఉన్న ప్యాకేజీని కొన్ని వారాలు చూసి, రాబోయే విడుదల తయారయ్యే టెస్టింగ్ విభాగం నుంచి దానంతటదే తీసేస్తారు. ఫిబ్రవరిలో నాది తీసేశారు.

తీసేసినరోజు కోపమొచ్చిన మాట నిజం. పనిచేస్తున్న ప్రోగ్రామ్‌ని ఎందుకు తీస్తారు అని ఇంట్లో గొణుక్కున్నాను. ఇలా మొండికేసినవాళ్ళలో పెద్దవాళ్ళూ ఉన్నారు. ఈ-పుస్తకాల కాలిబర్ రాసిన కోవిద్ గోయల్ అవసరమైతే పైథాన్ 2ని తానే చూసుకుంటానన్నారు. ఆయనకి ఆ సత్తా ఉంది. ఆ కాలిబర్ కూడా 2020 సెప్టెంబర్‌లో ఐదో వెర్షన్‌తో పైథాన్ 3కి వచ్చేసింది. నా సంగతి వేరే. పైథాన్ లోపలి సీ భాష కోడ్ తెరిచి చూస్తే నాకు నిద్రొస్తుంది.

అసలు రచయితకి మెయిల్ రాశాను. ఇంకా ఎవరైనా వాడుతున్నారా అని ఆశ్చర్యపోయి, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో అన్నాడు. ఇక పని నాదే.

మొదటి రోజు భలే హుషారుగా సాగింది. టూ-టు-త్రీ అనే సాధనం ఉండేది. పాత కోడ్ దాని ముందు పెడితే ప్రింట్‌కి బ్రాకెట్లు తగిలించేది, ఎక్స్‌రేంజ్‌ని రేంజ్ చేసేది, ఇలాంటి చిల్లర పనులన్నీ చిటికెలో చేసిపెట్టేది. (పాతవాటిని సాగనంపిన ఆ సాధనాన్నే 2024లో పైథాన్ 3.13 నుంచి సాగనంపారు.) సాయంత్రానికల్లా ప్రోగ్రామ్ తెర మీదకి వచ్చేలా ఉందే అనుకున్నాను. కానీ ఒక అక్షరాల వరస చూసి అది మనిషి చదివే మాటో, ఉత్త బైట్ల (కంప్యూటర్ దాచుకునే అంకెల) మూటో ఆ సాధనం చెప్పలేదు. పైథాన్ 2లో ఈ రెండిటికీ పెద్ద తేడా ఉండేది కాదు. ఇంగ్లిష్‌లో పేర్లు పెట్టుకునేవాళ్ళకి ఆ తేడా ఎప్పుడూ కనపడదు కూడా. తెలుగుతో కోడ్ రాసినవాళ్ళని అడగండి, యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ అనే మాట నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

తలంబ్రాలు అనే మాట తీసుకోండి. కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే పద్ధతి) లెక్కలో గుణింతం గుర్తు, సున్న, పొల్లు అన్నీ విడివిడిగా కలిపి తొమ్మిది. డిస్కు మీద ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 27. పాత ప్రోగ్రామ్ ఈ మాట పొడుగు 27 అనేది, కొత్తది 9 అంటుంది, బాబాయి 4 అంటాడు. ముగ్గురిదీ వాళ్ళ వాళ్ళ లెక్కలో నిజమే.

దీనితో ప్రమాదం ఎక్కడొచ్చిందంటే, లినక్స్‌లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. రచయిత ఆ సంగతి తెలిసినవాడే. పేరు పొడుగైతే 255 దగ్గర కత్తిరించేలా ఒక లైన్ రాశాడు. పైథాన్ 2లో ఆ లైన్ బైట్లు లెక్కపెట్టేది, పైథాన్ 3లో అదే లైన్ గుర్తులు లెక్కపెడుతుంది. ఒక్క అక్షరం మారలేదు, అర్థం మారిపోయింది. 255 బైట్లంటే తెలుగులో 85 గుర్తులు. మా బాబాయి పేరు మొదలుపెట్టడమే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని. మధ్య ఖాళీలతో కలిపి ఆ మూడు మాటలకే 77 బైట్లు అయిపోతాయి, ఇంకా పెళ్ళికూతురి పేరే రాలేదు. వరుడు, కళ్యాణ మంటపం, ఊరు, ఘట్టం, నంబరు అన్నీ తర్వాత. కొత్త కోడ్ అంతటినీ చక్కగా ఒప్పుకుని డిస్కు దగ్గరికి తీసుకెళ్ళేది, అక్కడ పేరు మరీ పొడుగు అని గెంటేసేవారు.

ఈ బగ్ నాకు దొరకడానికి కారణం లాక్‌డౌన్. 2020 మార్చి 25 నుంచి అంతా మూత. నాకు ఇంట్లోంచి ఆఫీసు పని, బాబాయికి అసలు పనే లేదు. ఏడాదిలో నాలుగు డబ్బులు కనపడేది ఆ ఎండాకాలం ముహూర్తాల్లోనే, అవన్నీ వాయిదా పడ్డాయి. పలకరింపుగా ఫోన్ చేసి, ఏమీ తోచకపోతే నా ప్రోగ్రామ్ పరీక్షించి పెట్టు బాబాయ్ అన్నాను. ఆయనకి అది మందులా పనిచేసింది. రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్. పాత పెళ్ళిళ్ళన్నీ ఒక్కోటి తీసి కాపీ మీద నడిపి చూసేవాడు.

"ఏరా, గుంటూరు రమణగారి పెళ్ళి సగంలో ఆగింది."

"ఏమని చూపిస్తోంది బాబాయ్?"

"ఏదో ఇంగ్లిష్‌లో తిడుతోంది. ఫొటో తీసి పంపాను చూడు."

అలా దొరికిందే పేరు పొడుగు బగ్. ఇంకోటి ఆయన పాత నలుపు తెలుపు ఫొటోల దగ్గర దొరికింది. స్కాన్ చేసిన వాటిలో కెమెరా పెట్టిన తేదీ ఉండదు. పైథాన్ 2 తేదీ లేనివాటిని మారుమాట్లాడకుండా వరసలో ముందు పెట్టేసేది. పైథాన్ 3 మాత్రం లేనిదానికీ ఉన్నదానికీ ఎక్కువ తక్కువ నేనెలా చెప్పను అని చేతులెత్తేస్తుంది. న్యాయం దానివైపే ఉంది. తేదీ లేనివాటిని విడిగా ముందు పెట్టేలా నాలుగు లైన్లు రాశాను.

పేరు కత్తిరించే చోట మాత్రం నాలుగు రోజులు పట్టింది. బైట్లలో కత్తిరించి, విరిగిన చివరి ముక్క పారేస్తే సరిపోతుందనుకున్నాను. అలా చేస్తే తలంబ్రాలు ఒక్కోసారి తలంబ్ దగ్గర ఆగేది. గుర్తుల లెక్కలో తప్పు లేదు గానీ, చదివేవాడికి నోట్లో రాయి పడ్డట్టుంటుంది. చివరికి, కత్తెర తర్వాత మిగిలే మొదటి గుర్తు గుణింతమో సున్నో పొల్లో అయితే వెనక్కి జరగాలి, కత్తెర ముందు పొల్లు ఉన్నా వెనక్కి జరగాలి అని రాసుకున్నాను. ఆ సంతోషంలో బాబాయికి ఫోన్ చేసి, ఇకమీద పేర్ల చివర అక్షరం విరగదు అన్నాను.

"విరగడమేంట్రా? చివర వచ్చే నల్ల ప్రశ్న గుర్తు సంగతా? అది పేరు అయిపోయిందని కంప్యూటర్ పెట్టే చుక్క అనుకున్నాను ఇన్నాళ్ళూ."

నాలుగేళ్ళు. నా ప్యాకేజీలో, నా సొంత బాబాయి కళ్ళ ముందు, మూడు బైట్ల అక్షరాన్ని మధ్యకి కోసి పారేస్తూ వచ్చిందా ప్రోగ్రామ్. ఆయన దాన్ని ఫుల్‌స్టాప్ అనుకున్నాడు. పనిచేస్తున్నదాన్ని ఎందుకు తీస్తారని ఫిబ్రవరిలో గొణుక్కున్నది గుర్తొచ్చింది.

కిటికీల పని గురించి ఎక్కువ చెప్పను, చెప్పుకునేంత సరదా అందులో లేదు. పైజీటీకే నుంచి పైజీఆబ్జెక్ట్‌కి, కిటికీలు గీసే జీటీకేని 2 నుంచి 3కి మార్చాలి. బటన్ పేరు నుంచి రంగు పెట్టే పద్ధతి దాకా అన్నీ కొంచెం కొంచెం వేరు. రెండు నెలల రాత్రుళ్ళు అలా పోయాయి. కిటికీలు తీసేసి కమాండ్ ఒక్కటే ఉంచుదామా అని ఒక దశలో గట్టిగా అనిపించింది. కానీ బాబాయి టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే తెర) తెరవడు. అంతా అయ్యాక, అదే ఏడాది డిసెంబర్‌లో జీటీకే 4 వచ్చింది. నవ్వుకున్నాను, ఇంకేం చేస్తాం.

ఒక మెచ్చుకోలు మాత్రం ఉచితంగా రావాల్సింది, రాలేదు. పాత ప్రోగ్రామ్‌లో పని ఎంతయిందో చూపే పట్టీ మొదట్నుంచి చివరిదాకా ఖాళీగా ఉండి, ఆఖర్న ఒక్కసారి నిండేది. పైథాన్ 2లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే మిగతాది పారేసేవారు, అంటే 99ని 100తో భాగించినా సున్నాయే. పైథాన్ 3లో అది 0.99. నేనేమీ ముట్టుకోకుండానే పట్టీ కొద్దికొద్దిగా నిండడం మొదలైంది. బాబాయి ఏమన్నాడో తెలుసా? "ఇదివరకు టక్కున నిండేదిరా, ఇప్పుడు స్లో అయింది." (అదే మార్పు ఇంకోచోట ప్రోగ్రామ్‌ని పడేసింది. నమూనాగా చూపడానికి మధ్యలో ఉన్న ఫొటో ఎంచుకునే చోట పన్నెండున్నరో నంబరు ఫొటో కావాలని అడిగింది.)

నాకు డెబియన్‌లోకి నేరుగా ఎక్కించే హక్కు లేదు. నాలాంటివాళ్ళ పనిని డెవలపర్ హోదా ఉన్న ఒకరు చూసి, నచ్చితే తమ సంతకంతో ఎక్కిస్తారు. ఆయన మూడుసార్లు తిప్పి పంపాడు. చేంజ్‌లాగ్‌లో, అంటే మార్పుల చిట్టాలో, ఏం మార్చావో కాదు, ఎందుకు మార్చావో రాయమన్నాడు. పరీక్షలు ప్యాకేజీతో పాటే ఉండాలన్నాడు, అప్పుడు తలంబ్రాలు, సౌభాగ్యవతి డెబియన్ సర్వర్లలో పరీక్షలుగా చేరాయి. ఆ మాటల అర్థం ఏంటని ఆయన అడిగితే, పెళ్ళిలో ఒకరి నెత్తిన ఒకరు బియ్యం పోసుకోవడం అని వివరించడం నా డెబియన్ జీవితంలో ఒక మంచి సాయంత్రం.

ప్యాకేజీ ఎక్కింది. కానీ చేంజ్‌లాగ్‌లో ఫలానా బగ్ తీరింది అని ఒక లైన్ రాస్తేనే ఆ బగ్ దానంతటదే మూసుకుంటుంది. మూడోసారి తిరగరాసినప్పుడు ఆ లైన్ ఎగిరిపోయింది. బగ్ తెరిచే ఉంది కాబట్టి టెస్టింగ్‌లోకి తలుపు తెరుచుకోలేదు. పది రోజులు ఎందుకు రావట్లేదా అని టెన్షన్ పడి, చివరికి నా తప్పే అని తెలిసి, చేత్తో మూశాను. ఆ తర్వాత నెలలో పైఎక్సివ్2 గురించి అడిగినాయనకి మెయిల్ రాశాను, మా పెంకు దిగింది అని కాదుగానీ, ఆ అర్థం వచ్చేలాగే.

2021 మార్చికి గట్టి ఫ్రీజ్ (విడుదలకి ముందు మార్పులు ఆపేసే దశ) వచ్చి, ఆగస్టు 14న డెబియన్ 11, బుల్స్ఐ, విడుదలైంది. అందులో పైథాన్ 2.7 పూర్తిగా పోలేదు. కొన్ని పెద్ద ప్రోగ్రాములను తయారుచేయడానికి ఇంకా అవసరమని, వాడుకకి కాదు అని చెప్పి ఉంచారు. గోడ పూర్తిగా నేలమట్టమైంది 2023 జూన్‌లో, డెబియన్ 12 బుక్‌వార్మ్‌తో.

బుల్స్ఐ ఎక్కిస్తానని బాబాయితో అంటే, శ్రావణ మాసం ముహూర్తాలు అయ్యేదాకా కంప్యూటర్ జోలికి రావద్దన్నాడు. ఆయన ఫ్రీజ్ ఆయనది. భాద్రపదంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి వినాయక చవితి అయ్యాక తెనాలి వెళ్ళి మార్చాను. వచ్చే ముందు, ఇక దీనితో పనేముంది అని పైథాన్ 2ని నా చేత్తో తీసేశాను.

నాలుగో రోజు ఫోన్. "ఒరేయ్, రాత్రిపూట రెండో డిస్కులోకి కాపీ అవ్వట్లేదు."

2016లో ఆ కాపీ కోసం ఇరవై లైన్ల ముక్క ఒకటి నేనే రాసి పెట్టాను. దాని మొదటి లైన్ పైథాన్ 2ని పిలుస్తుంది. రెండేళ్ళు ఊరందరి పెంకులు లెక్కపెట్టినవాణ్ణి, నా ఇంటి చూరు చూసుకోలేదు. మూడు రాత్రులు కాపీ లేదు, అదృష్టం కొద్దీ డిస్కు పాడవలేదు. దూరం నుంచే కూర్చుని మార్చాను. మార్చింది మళ్ళీ సగంలో పడింది. ప్రతి ఫైల్ పేరూ చేసిన పనుల లాగ్‌లో రాస్తుంది కదా, నాలుగేళ్ళుగా చివర విరిగిన పేర్లు వేలల్లో ఉన్నాయి. పైథాన్ 3 విరిగిన బైట్లను చదివి భద్రంగా దాచుకుంటుంది, అదే పేరుతో ఫైల్ తెరుస్తుంది కూడా. రాయమంటే మాత్రం ఇది అక్షరం కాదని మొరాయిస్తుంది. లాగ్‌లో రాసేటప్పుడు మాత్రం ఆ ముక్క బదులు ప్రశ్న గుర్తు పెట్టమన్నాను.

పనిలో పనిగా ఆ పాత పేర్లన్నీ ఒక్కసారిగా బాగుచేసేయనా అని అడిగాను.

"వద్దురా. రిజిస్టర్‌లో ఆ పేర్లే రాసుకున్నాను. ఆ చుక్కతో సహా."